యాకూబ్ చాచాది ఏ గట్టు?

చిన్నీ, నువ్వు పంపిన అట్ట ఫొటోను మీ పిన్ని చేత ఫోన్లో పెద్దది చేయించుకుని చూశాను. పాటలు పాడినవాళ్లు, పరుగుపందేల్లో గెలిచినవాళ్లు, పెద్ద డాక్టర్లు, తమ జనాన్ని సంకెళ్ల నుంచి విడిపించుకున్న తల్లులు, అందరినీ ఎంత పొందిగ్గా అతికించావమ్మా! ఈ నెలంతా మీ బడిలో నల్లజాతి వాళ్ల చరిత్రను పండగలా చేసుకుంటారని చెప్పావు. మీ ఇంటివాళ్లకు తెలిసిన ఒక మనిషి గురించి రాయమని టీచరమ్మ అంటే, మాకెవరూ తెలియదు అని ఆ గడి ఖాళీగా వదిలేశావట. ఫోన్లో నీ పక్కనుంచి తమ్ముడు వేణు, "బస్తర్ అడవిలో ఆఫ్రికా వాళ్లెందుకుంటారు అమ్మమ్మా?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, ఉన్నారు నాయనా. ఒక్కడే ఉన్నాడు, మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన పేరు యాకూబ్. నేను యాకూబ్ చాచా అనేదాన్ని. నాకు తొంభై దగ్గరపడుతున్నాయి. ఫోన్లో గట్టిగా మాట్లాడలేను కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మెల్లగా చదువుకోండి.

అప్పుడు బస్తర్ ఒక రాజ్యం. రాజుగారు, ఆయన కచేరీలు అన్నీ జగదల్‌పూర్‌లో. మేము ఆ రాజ్యానికి దక్షిణపు కొసన, కోంటలో, శబరి ఏటి ఒడ్డున ఉండేవాళ్లం. ఏరు దాటితే వేరే సర్కారు. మా నాయిన అక్కడ ఉప్పు, బట్ట, కిరసనాయిలు అమ్మేవాడు. అడవి పల్లెల్లో ఉండే దోర్ల తెగవాళ్లు తెచ్చిన చింతపండు, సారపప్పు, కరక్కాయ కొనేవాడు. ఇల్లు, కొట్టు ఒకటే. ముందు గది కొట్టు, వెనక మూడు గదులు మేము. ఎండాకాలం వస్తే ఎండిన ఇప్పపువ్వు తియ్యటి పులుపు వాసన మా దుప్పట్లకు కూడా పట్టేది. వానాకాలం ఉప్పు బస్తాలు చెమటలు కక్కేవి. మా నాయినమ్మ తెల్లారకముందే లేచి అరుగు అలికి, ముగ్గు పెట్టి, ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టుకుని గడపలో కూర్చునేది. ఆ చెంబు ఆమె చేతిలో రాజుగారి బెత్తంలాంటిది. ఎవరు ఎంతవరకు రావాలో, ఎవరు ఎక్కడ ఆగాలో దానితోనే చూపించేది. ఎవరైనా ఆమె గీత దాటితే తిట్టేది కాదు, వాళ్లు వెళ్లాక అక్కడ నీళ్లు చల్లేది. తిడితేనే నయం అనిపించేది.

ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతుండేది. దానివల్ల మాకు తెలిసిందల్లా పెట్రోలు దొరక్కపోవడం. అందుకని నాయిన బొగ్గుతో నడిచే లారీ తెచ్చాడు. నవ్వకు వేణూ, నిజంగానే బొగ్గుతో నడిచేది. డ్రైవరు గది వెనక నిలువెత్తు ఇనుప పీపా ఉండేది. అందులో బొగ్గులు పోసి, అంటించి, పిడి పట్టుకుని పంఖా తిప్పీ తిప్పీ భుజం లాగేసిన తర్వాత గ్యాసు పుట్టేది. అప్పుడు బండి రెండు మూడు సార్లు దగ్గి కదిలేది. దాని రోగం తెలిసిన డ్రైవరు మా వైపు ఒక్కడూ లేడు. హైదరాబాద్ నుంచి ఒక మనిషిని పంపిస్తున్నామని తెలిసినవాళ్లు కబురు చేశారు.

ఆ మనిషి దిగిన రోజు కొట్టు ముందు అంగడిలా జనం. అంత నల్లటి ఒంటిని, అంత దగ్గరగా చుట్టుకున్న జుట్టును మేం ఎన్నడూ చూడలేదు. ఆరడుగుల పైన ఎత్తు, నవ్వితే చెవుల దాకా నవ్వు. ఒక చేతిలో ట్రంకు పెట్టె, మెడలో తోలు పట్టీతో వేలాడే చిన్న డోలు. సిద్దీ అన్నారు, హబ్షీ అన్నారు. ఆయన తాత ఆఫ్రికా నుంచి వచ్చినవాడని, నిజాం గుర్రపు ఫౌజులో ఉండేవాడని నాయిన చెప్పాడు. నాయినమ్మ గడపలోంచి కిందకీ పైకీ చూసి, "అన్నం లారీ షెడ్డుకే పంపుతం. అరుగెక్కొద్దని చెప్పు" అంది. నాయిన చెప్పకముందే ఆయన విన్నాడు. "అట్లనే అమ్మా" అని దండం పెట్టాడు. షెడ్డులో మేకుకు ఒక రేకు గ్లాసు, ఒక రేకు పళ్లెం తగిలించుకున్నాడు. సాయంత్రం పని లేనప్పుడు డోలు వాయించేవాడు. పెళ్లి ఊరేగింపుల ముందు తన వాడవాళ్లు వాయించే మర్ఫా దరువు అది. వింటే కాళ్లు నిలవవు.

పక్క కొట్టు సావుకారు ఒకాయనకు యాకూబ్ చాచాను గెలకనిదే పొద్దుపోయేది కాదు. ఒకరోజు బొగ్గు పోస్తుంటే, "యాకూబూ, నీకు మసి అంటినా ఎవరికీ తెల్వదు. ఏం అదృష్టమయ్యా నీది!" అన్నాడు.

"అవును సేఠ్," అన్నాడు చాచా పంఖా ఆపకుండానే. "నాకు ఒక సబ్బు ఏడాది వస్తది. నీకు అంటితె దాచుకునే జాగ లేదు, పాపం."

జనం ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. అట్లా మాటకు మాట విసిరి గెలిచే అలవాటు ఆయనది. ఆ అలవాటే ఒకసారి ఆయన పీకల మీదికి తెచ్చింది. నేను చెప్పాలనుకున్నది అదే.

మాకు బొగ్గు కాల్చి ఇచ్చేది మడకం భీమయ్య. భెజ్జి దారిలో ఒక చిన్న దోర్ల పల్లె ఆయనది. లారీ అక్కడికి మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ నాయినతో ఉన్నాను. దోర్లవాళ్ల మాట నాకు బాగా వచ్చు. కొట్టుకు వచ్చే ఆడవాళ్ల పిల్లలే నా నేస్తాలు. భీమయ్య చాచాను చూసి అందరిలాగా నోరు తెరవలేదు, వెక్కిరించలేదు. జావ డొప్ప చేతికిచ్చి, తమ ఊరికి వచ్చిన ఎవరినైనా అడిగినట్టే అడిగాడు.

"నీది ఏ గట్టు?"

గట్టు అంటే ఏంటో చెప్తాను. దోర్లవాళ్లంతా కొన్ని గట్లుగా ఉంటారు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వేరే గట్టు అయితే బావలు, వదినెలు, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లు. మనిషి కనపడగానే అది తెలియాలి. తెలియకపోతే ఆ మనిషిని ఏమని పిలవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, అతనితో ఏ సరసం ఆడొచ్చో వాళ్లకు తోచదు. చాచా నాయిన ద్వారా అడిగి సంగతి తెలుసుకున్నాడు. తెలుసుకుని, హైదరాబాద్ హోటల్లో కూర్చుని జవాబిచ్చినట్టు, "నీది ఏదైతే నాది గదే!" అనేశాడు.

భీమయ్య నవ్వలేదు. "అయితె నా తమ్మునివి" అన్నాడు. లోపలికి కేకేసి, "సోమీ, మీ చిన్నాయన వచ్చిండు, నీళ్లు తే" అన్నాడు. సోమి ఆయన కూతురు. ఆ పిల్ల వచ్చి చాచా కాళ్ల మీద నీళ్లు పోసింది. మా షెడ్డు మేకుకు రేకు గ్లాసు తగిలించుకున్న మనిషి, భీమయ్య గుడిసెలోకి తల వంచుకుని వెళ్లి, వాళ్ల పొయ్యి పక్కన కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నాయిన, "వాళ్లు తమాషాకు అడగరయ్యా. అబద్ధం చెప్పినవు" అన్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర, బొగ్గు కోసం వెళ్లినప్పుడల్లా చాచా ఆ గుడిసెలోనే తిన్నాడు. నిజం చెప్పాలని వెళ్లేవాడట, సోమి "చిన్నాయనా" అనగానే నోరు వచ్చేది కాదట. ఈలోపు వాళ్ల మాట కూడా సగం నేర్చుకున్నాడు.

ఎండాకాలంలో సోమి పెళ్లి. పిల్లను తీసుకుపోవడానికి పెళ్లికొడుకు వైపు వాళ్లు కాలినడకన వచ్చారు. నాయిన, నేను, చాచా లారీలో వెళ్లాం. మామిడాకుల పందిరి కింద రెండు పెద్ద చాపలు పరిచారు, ఒకటి భీమయ్య గట్టు అన్నదమ్ములకు, ఇంకొకటి వియ్యపు వాళ్లకు. భీమయ్య చాచా చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వియ్యంకుడి పేరు కుంజం ముత్తయ్య. కూర్చోబోయినవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఈయనెవరు?"

"నా తమ్ముడు" అన్నాడు భీమయ్య.

"ఏ తల్లి కన్నది ఈ తమ్మున్ని? మీ గట్టుల ఇట్లాంటోళ్లు ఎన్నడు పుట్టిన్రు?"

ముత్తయ్య చేతిలోని కర్ర నేలకు ఆనించి అడిగాడు. "గట్టు లేనోన్ని అన్నదమ్ముల చాప మీద కూసోపెట్టినవు. మా పిల్లగాడు ఎవరింటి పిల్లను చేసుకుంటున్నడో మాకు తెల్వాలె. తెల్వకపోతె ఇట్లనే ఎల్లిపోతం."

వెళ్లిపోతే సోమి పెళ్లి ఆగిపోతుంది. అంతటితో పోదు. గట్టును అబద్ధంగా పంచాడని భీమయ్యను అన్నదమ్ములే వెలివేస్తారు. ఆయన పొయ్యి మీద వండింది ఎవరూ ముట్టరు. సోమి పసుపు బట్టల్లో గుడిసె గుమ్మం దగ్గర నిలబడి, చాచా వైపే చూస్తోంది. చాచా లేచాడు. ఆ నవ్వు ముఖం ఆరోజు బొగ్గులా ఆరిపోయి ఉంది. "తప్పు నాది. నేనే ఊకె అన్న. ఈయన నమ్మిండు. నేను పోత, పెళ్లి ఆపకున్రి" అన్నాడు.

అప్పుడు మూలనుంచి ఒక ముసలి గొంతు, "ఏడికి పోతవు? కూసో" అంది. ఆయన డోలీ తాత. డోలీలంటే గట్ల పుట్టుక కథలు పాడేవాళ్లు. బొమ్మలు కుట్టిన పొడవాటి జెండా గుడ్డ ముందు పెట్టుకుని, ఏ గట్టు ఏ కొండ నుంచి దిగిందో, ఎవరు ఎవరికి పుట్టారో పగలంతా పాడగలరు. ఆ తాత కళ్లు సరిగా కనపడవు. "గట్టు లేదని నువ్వెట్ల అంటవు?" అని చాచాను అడిగాడు. "మీ వాళ్లు యాడికెల్లి వచ్చిన్రో నీకు ఎరికేనా? ఎరికైతె చెప్పు. వింటం."

గట్టు సంగతి దోర్ల మాటలోనే చెప్పాలన్నారు. చాచాకు అంత మాట రాదు. నాయిన లేవబోతే భీమయ్యే వద్దన్నాడు. "సావుకారి వద్దు. పిల్ల చెప్తది. ఆ పిల్లకు అమ్మేది లేదు, కొనేది లేదు." అట్లా తొమ్మిదేళ్ల నేను రెండు చాపల నడుమ నిలబడ్డాను.

చాచా మెడలో డోలు వేసుకున్నాడు. ముందు వాయించలేదు, మెల్లగా చెప్పాడు. సముద్రానికి అవతల కొండల దేశం ఉంది, అక్కడ మా తాత పిల్లప్పుడు ఆవులు కాసేవాడు అన్నాడు. నేను చెప్పాను. ఆవులు అనగానే తలలూపారు. ఒకరోజు గుర్రాల మీద వచ్చినవాళ్లు ఆయన్ను ఎత్తుకుపోయారు, ఒడ్డుకు తీసుకుపోయి అమ్మారు, ఓడలో వేసి తెచ్చి మళ్లీ అమ్మారు అన్నాడు. మనిషిని అమ్మారని అందరి ముందు ఎట్లా చెప్పను పిల్లలూ? చాచా పరువు పోతుందనుకున్నాను. "తాత ఓడెక్కి ఈ దేశం వచ్చాడు" అని దాటేశాను.

చాచా ఆగిపోయాడు. దోర్ల మాట సగం ఆయనకూ వచ్చు కదా. వంగి నా ముఖంలోకి చూసి, కోపం లేకుండా, "దాటెయ్యకు బిడ్డా" అన్నాడు. "అమ్మిన్రు అను. సిగ్గు అమ్మినోనిది. మా తాతది కాదు. అది చెప్పకపోతె నేను ఇప్పుడు చెప్పబొయ్యేదానికి బరువుండదు."

నేను చెప్పాను. అమ్మారు అన్నాను, రెండుసార్లు అమ్మారు అన్నాను. అప్పుడు ఆయన డోలు మీద దరువెత్తాడు. ఒక్కో మాట చెప్పడం, దరువు వెయ్యడం, నేను అందుకునేదాకా ఆగడం. మా తాత లాగే వచ్చినవాళ్లు మా కన్నా ముందే ఎందరో ఉన్నారు అన్నాడు. చేతులు మారి మారి అమ్ముడుపోయిన ఒకాయన దక్కను దేశానికి వజీరయ్యాడు, కొండల్లో దాగి కొట్టే యుద్ధం నేర్పి ఢిల్లీ పాదుషా ఫౌజులను ఏళ్లకేళ్లు నిలవరించాడు, ఊరికి భూమి లోపల నుంచి నీటి కాలవలు తవ్వించాడు. సముద్రం నడుమ రాతి మీద మావాళ్లు ఒక కోట కట్టుకున్నారు, చుట్టూ రాజులు ఎన్నిసార్లు వచ్చినా అది పడలేదు. మా తాత నిజాం ఫౌజులో ఎవరూ ఎక్కలేని గుర్రాన్ని ఎక్కినవాడు. ఆయన దరువే మా నాయనకు, మా నాయన దరువే నాకు అన్నాడు. కాలవల మాట రాగానే ముసలివాళ్లు "భూమి లోపలనుంచా?" అని మళ్లీ చెప్పించుకున్నారు. ఢిల్లీ పాదుషా ఎవరో వాళ్లకు పట్టలేదు. కొండల్లో దాగి కొట్టడం మాత్రం ముత్తయ్యకు భలే నచ్చింది.

డోలీ తాత చివరిదాకా కదలకుండా విన్నాడు. "మీ తాత పేరేంది?" అన్నాడు. చాచా ఒక పేరు చెప్పాడు.

"అది ఎవరు పెట్టిన్రు?"

"కొన్నోడు."

"కొన్నోడు పెట్టింది నాకెందుకు? ఆయన తల్లి పెట్టిందేంది?"

చాచా చేతులు డోలు మీద అట్లాగే ఉండిపోయాయి. ఆ ప్రశ్న ఆయన్ను అంతవరకు ఎవరూ అడిగి ఉండరు. తర్వాత "బరీసా" అన్నాడు. దానికి నేను మాట మార్చాల్సింది ఏమీ లేదు. డోలీ తాత ఆ పేరును నోట్లో వేసుకుని నాలుగు సార్లు అని చూశాడు. తర్వాత సభ వైపు తిరిగాడు.

"ఈయనకు గట్టు లేదన్నది ఎవడు? మనయి కొండలు దాటి వచ్చినయి. ఈయనది సముద్రం దాటి వచ్చింది. తల్లి పెట్టిన పేరున్నది, పాడే డోలున్నది, ఇంకేం కావాలె? గట్టున్నోడు ఇంకో గట్టుల తమ్ముడెట్ల అయితడు? భీమయ్యా, నువ్వు తప్పు పిలుపు పిలిచినవు. ఈయన నీ తమ్ముడు కాడు."

భీమయ్య ముఖం వాడిపోయింది.

"బావ అయితడు" అన్నాడు తాత.

ఒక్క క్షణం పట్టింది అందరికీ. ముందు ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత పందిరంతా నవ్వింది. బావ అంటే సరసాలకు తలుపులు తెరిచినట్టే. "బావా, పిల్ల కావాల్నా? ఎత్తు సరిపోయేది మా దగ్గర లేదు, నిచ్చెన తెచ్చుకో!" అని ఒకామె అరిచింది. తప్పు పిలుపుకు భీమయ్య రెండు కుండల జీలుగు చెట్టు కల్లు పొయ్యాలని తీర్పు చెప్పారు. ముత్తయ్య వియ్యపు చాప మీద జరిగి, పక్కన జాగా అరచేత్తో తట్టి, "ఇటు రా బావా, ఆ అన్నదమ్ముల నడుమ నీకేం పని?" అన్నాడు. సోమి పెళ్లి అయ్యింది. ఊరు దాటేదాకా ఆ పిల్ల ముందు మర్ఫా దరువు నడిచింది. చిన్నాయన అని పిలవడం ఇక కుదరదు కాబట్టి, వెళ్తూ వెళ్తూ "మామా" అంది.

ఇన్నేళ్ల తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ దోర్లవాళ్లు యాకూబ్ చాచాకు చోటు ఇచ్చారని రాయకు చిన్నీ. ఆయనకు చోటు ముందే ఉంది, వాళ్లు అడిగి తెలుసుకున్నారు, అంతే. మేమేం చేశాం? మా లారీ ఆయన చేతులతో నడిచింది, ఆ యుద్ధపు కరువు రోజుల్లో ఊరికి ఉప్పు ఆయన వల్ల వచ్చింది. ఏడాదిన్నర మా అన్నం తిన్నాడు. నీ తాత పేరేంటని చదువుకున్న మా ఇంట్లో ఒక్కరం అడగలేదు. నాయినమ్మ ఆ తర్వాత కూడా మారలేదు, మారిందని నేను అబద్ధం చెప్పను. ఇప్పుడు మీ బడిలో ఒక నెల పెట్టుకుని మరీ అడుగుతున్నారంటే, పిల్లలకు అడగడం నేర్పుతున్నారంటే, కాలం మంచిదారిలోనే నడిచిందని నాకు నమ్మకం. నువ్వు అందరూ మెచ్చే వజీరునూ వెయ్యి, పరుగు వీరుణ్నీ వెయ్యి. అమ్మారు అన్న మాటను మాత్రం దాటెయ్యకు. నేను ఒకసారి దాటేసి నేర్చుకున్నాను.

ఆరోజు పొద్దు వాలుతుండగా తిరిగి బయలుదేరాం. చాచా బండి నడుపుతున్నాడు, నేను నడుమ, నాయిన ఆ పక్కన. దారంతా గుంటలు, వెనక పీపా బుసలు. నాయిన రోడ్డు వైపే చూస్తూ, "మీ తాత పేరు మళ్లొకసారి చెప్పు యాకూబూ" అన్నాడు.

"బరీసా, సేఠ్."

"బరీసా" అన్నాడు నాయిన, మొహమాటంగా, నోట్లో నోట్లోనే. "అట్లనేనా?"

చాచా దారి మీద నుంచి కళ్లు తిప్పలేదు. చెవుల దాకా నవ్వు మాత్రం వచ్చింది.

"అట్లనే సేఠ్. జర గట్టిగ అను. బండి చప్పుడుల వినపడాలె."